చేపల తొట్టిలో వేటాడే మొక్క: అనంతపురం నుంచి ఒక వాదన

అనంతపురంలో కీటకాహార మొక్కలు బతకవని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఎండ మండిపోతుంది, వాన తక్కువ, గాలిలో తేమ ఉండదు. పురుగుల్ని పట్టి తినే మొక్కలేమో చిత్తడి నేలల్లో, బురద మడుగుల్లో పుట్టినవి. ఈ లెక్కన చూస్తే నమ్మకంలో తప్పేమీ కనిపించదు. నేను మాత్రం ఒప్పుకోను. మా మిద్దె మీద ట్రేలలోనూ, ఇంట్లో చేపల తొట్టిలోనూ వీటిని ఏళ్ళ తరబడి పెంచుతున్నాను. మన ఊళ్ళో ఈ మొక్కల ప్రాణం తీసేది ఎండ కన్నా ముందు మనం పోసే నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పు. అది అర్థమయ్యాక మిగతా కష్టాలన్నీ దారికొస్తాయి. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. రాయలసీమలో ఈ సరదా మొదలుపెట్టేవాళ్ళు వీనస్ ఫ్లైట్రాప్ జోలికి పోకుండా, చేపల తొట్టిలో తేలుతూ నీటిపురుగుల్ని పట్టే యుట్రిక్యులేరియా అనే మొక్కతో మొదలుపెట్టాలి.

ఫ్లైట్రాప్ మీద నాకు కోపమేమీ లేదు. అది అద్భుతమైన మొక్క. దాని సొంత ఊరు మాత్రం అమెరికాలో ఉత్తర, దక్షిణ కరొలైనా తీరప్రాంతం. అక్కడ మూడు నాలుగు నెలల చలికాలం ఉంటుంది, ఆ నెలల్లో అది నిద్రపోతుంది. ఆ నిద్ర లేకపోతే ఒకటి రెండేళ్ళలో నీరసించి పోతుంది. మన దగ్గర డిసెంబరులో కూడా మధ్యాహ్నం చొక్కా తడుస్తుంది. ఇక అది ఎప్పుడు నిద్రపోవాలి? ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చిన్న కప్పు ఇంటికి రాగానే పిల్లలంతా చుట్టూ చేరి పుల్లతో గిల్లుతారు, వీడియోలు తీస్తారు. లోపలి వెంట్రుకల్ని ఇరవై సెకన్లలోపు రెండుసార్లు తాకితే ఆకు మూసుకుంటుంది. ఏ పురుగూ చిక్కకుండా మూసుకోవడం మొక్కకు శుద్ధ నష్టం, అలా కొన్నిసార్లు జరిగితే ఆ ఆకు పని అయిపోయినట్టే. పైగా బోరు నీళ్ళు. వేసవి దాటకముందే కప్పు ఖాళీ అవుతుంది, "ఈ మొక్కలు మనకు పడవు" అనే మాట ఇంకో ఇంటికి చేరుతుంది.

అసలు ఈ మొక్కలు పురుగుల్ని ఎందుకు తింటాయో తెలుసుకుంటే నీళ్ళ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఆకలి తీర్చుకోవడానికి తినవు. వాటికి కావాల్సిన శక్తి అన్ని మొక్కల్లాగే ఎండ నుంచి వస్తుంది. అవి పుట్టిన నేలల్లో నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. వాన ఎప్పటికప్పుడు కడిగేస్తుంది, నేల పులిసి, అంటే ఆమ్లం ఎక్కువై ఉంటుంది. ఆ కరువులో నత్రజని కోసం ఆకుల్ని వలలుగా మార్చుకున్నాయి. వేర్లు నామమాత్రం. నీళ్ళలో తేలే యుట్రిక్యులేరియాకైతే వేర్లే లేవు. ఖనిజాలు లేని నీళ్ళకు అలవాటుపడిన ఆ వేర్లకు, ఆకులకు మనం సున్నం, ఉప్పు నిండిన నీళ్ళు పోస్తే తట్టుకునే ఏర్పాటు వాటిలో లేదు. మంచి మట్టి, పశువుల ఎరువు, యూరియా ఏది వేసినా అంతే. ఎక్కువ పెడితే చచ్చిపోయే మొక్కలివి.

ఇప్పుడు మన నీళ్ళు చూద్దాం. లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగి ఉన్నాయో చెప్పే చిన్న టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే మా బోరు నీళ్ళు వెయ్యి దాటి చూపిస్తాయి. నేలలో పెరిగే కీటకాహార మొక్కలకు 50 లోపు ఉండాలి, వందకు మించితే నాకు భయమే. అనంతపురం గ్రానైటు నేల, ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. కడప, కర్నూలు వైపు పోతే సున్నపురాయి పొరలు. బెలుం గుహలు ఏర్పడింది నీళ్ళు ఆ సున్నపురాయిని కరిగించుకుంటూ పోవడం వల్లే. ఆ రాళ్ళ మధ్య నుంచి వచ్చే బోరు నీళ్ళలో సున్నం ఎంత ఉంటుందో బకెట్టు అంచున పేరుకునే తెల్లటి మరకే చెబుతుంది.

అంతకన్నా మోసం ఆవిరిలో ఉంది. ట్రేలో నీళ్ళు ఆవిరైపోతే నీళ్ళే పోతాయి, ఉప్పు ట్రేలోనే ఉండిపోతుంది. వెయ్యి ఉన్న నీళ్ళు సగానికి ఇంకితే రెండు వేలు. మళ్ళీ బోరు నీళ్ళే పోస్తే ఇంకా పెరుగుతుంది. తేమ ఉన్న ఊళ్ళలో ఇది నెమ్మదిగా జరుగుతుంది. మన ఏప్రిల్ గాలిలో రోజుల వ్యవధిలో జరిగిపోతుంది. ఆకుల చివర్లు నల్లబడితే ఎండ దెబ్బ అనుకుని నీడకు జరుపుతాం, ఇంకొంచెం నీళ్ళు పోస్తాం. ఎండను తిట్టుకుంటూ ఉప్పు పోస్తున్నామన్నమాట.

దీనికి మందు వాన. "కరువు జిల్లాలో వాననీళ్ళు యాడివి అక్కా?" అని మా వీధిలో నీళ్ళ క్యాన్లు వేసే అబ్బాయి అడిగాడు. లెక్క కట్టి చూపిస్తే నమ్మాడు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడుతుంది. పది చదరపు మీటర్ల రేకు మీద 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే 200 లీటర్లు, అంటే ఒక డ్రమ్ము. చిన్న ట్రే నుంచి వానాకాలం, చలికాలాల్లో రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా ఆవిరవుతుంది. ఆగస్టు నుంచి జనవరి వరకు ఒక ట్రేను ఒక్క డ్రమ్ముతో దాటించవచ్చు. మొదటి వాన నీళ్ళు రేకు మీది దుమ్మును కడిగేస్తాయి, వాటిని వదిలేసి ఆ తర్వాతి వాన పట్టాలి. డ్రమ్ము మూతికి పంచె కట్టాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

వాటర్ ప్లాంటు నుంచి ఆర్వో నీళ్ళు తెచ్చుకోవచ్చు కదా అంటారు. పనిచేస్తాయి. కానీ ఆర్వో యంత్రం శుద్ధి చేసిన ప్రతి లీటరుకూ కొంత నీటిని బయటకు తోసేస్తుంది. మంచినీళ్ళ ట్యాంకరు కోసం జనం బిందెలు పెట్టుకుని నిలబడే ఊళ్ళున్న జిల్లాలో సరదా మొక్క కోసం ఆ నీళ్ళు వాడటానికి నాకు మనసొప్పదు. ఒకట్రెండు లీటర్లు తక్కువ పడినప్పుడు సరే. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఖనిజాలు ఉండవు, అవి మేలు. వానాకాలంలో బాగానే వస్తాయి, ఎండాకాలం పొడిగాలిలో అంతగా రావు.

ఇక నాకు ఇష్టమైన మొక్క దగ్గరికి వస్తాను.

యుట్రిక్యులేరియా గిబ్బా చూడటానికి నాచులా ఉంటుంది. దారాల్లాంటి కాడలు, వాటికి ఆవగింజ కన్నా చిన్న తిత్తులు. చాలామంది దీన్ని కొనకుండానే తెచ్చుకుంటారు. తామర దుంపతో, హైడ్రిల్లా కట్టతో, తొట్టిలో వేసే ఏ నీటిమొక్కతోనైనా ఒక పోగు అంటుకుని వస్తుంది, నెలలో చిక్కుపడ్డ నూలులా అల్లుకుంటుంది. చేపల దుకాణంలో అడిగితే కలుపు అని చెప్పి తీసి పారేయమంటారు. పారేయవద్దని ప్రాధేయపడుతున్నాను. ఆ తిత్తి లోపల జరిగేది తెలిస్తే మీరూ పారేయరు.

తిత్తి గోడల్లోని గ్రంథులు లోపలి నీటిని నిరంతరం బయటకు తోడుతుంటాయి. లోపల ఒత్తిడి తగ్గి గోడలు లోపలికి వంగుతాయి. మూతి దగ్గర చిన్న తలుపు, తలుపు మీద వెంట్రుకలు. డాఫ్నియా, సైక్లాప్స్ లాంటి నీటిపురుగు ఆ వెంట్రుకను తాకితే తలుపు తెరుచుకుంటుంది, గోడలు ఒక్కసారిగా సర్దుకుంటాయి, నీళ్ళతో పాటు పురుగు లోపలికి పోతుంది, తలుపు మూసుకుంటుంది. పురుగు లోపలికి పడటానికి మిల్లీసెకనులో సగం చాలు. ఆ క్షణంలో నీటి వేగం పెరిగే తీరు గురుత్వాకర్షణకు ఆరువందల రెట్లు ఉంటుందని 2011లో వేగవంతమైన కెమెరాలతో కొలిచారు. తర్వాత పదిహేను నిమిషాల నుంచి అరగంటలోపు తిత్తి మళ్ళీ నీళ్ళు తోడుకుని సిద్ధమవుతుంది. కాండం లేదు ఆకు లేదు అన్నట్టుండే ఈ మొక్కకు జన్యుపటం కూడా విచిత్రమే. 2013లో చదివితే మొత్తం సుమారు 8.2 కోట్ల డీఎన్ఏ అక్షరాలే ఉన్నాయి. మనిషిది మూడు వందల కోట్లు.

ఈ తిత్తి గుట్టు విప్పడంలో ఇంట్లోనే పరిశోధన చేసుకున్న ఒక పరిశీలకురాలి చేయి ఉంది. 1875 ప్రాంతంలో డార్విన్ ఈ మొక్కను పరిశీలించి, పురుగులే తలతో తలుపు తోసుకుని లోపలికి పోతున్నాయని అనుకున్నాడు. అదే రోజుల్లో అమెరికాలోని న్యూజెర్సీలో మేరీ ట్రీట్ అనే ఆవిడ ఇంట్లో మైక్రోస్కోపు ముందు గంటలకొద్దీ కూర్చుని చూసింది. మూతి దగ్గరి వెంట్రుకలకు స్పర్శ తెలుస్తుందని, పట్టేది మొక్కేనని గుర్తించింది. తల తోసుకుపోవడం గురించి తన ఊహ తప్పేనని డార్విన్ ఆవిడకు ఉత్తరంలో ఒప్పుకున్నాడు. పెద్ద ప్రయోగశాల లేకుండా, ఓపికగా చూస్తూ కూర్చోవడం వల్ల తేలిన నిజం అది. మన ఇళ్ళల్లో గాజుసీసా, మంచి భూతద్దం ఉంటే ఇవాళ్టికీ చాలా చూడవచ్చు.

చేపలతో కలిపి పెంచడం గురించి వచ్చే మొదటి ప్రశ్న: ఇది చేపల్ని తింటుందా? ఎదిగిన చేపను ఏమీ చేయలేదు. గప్పీ పిల్లలు పుట్టేటప్పుడే ఆరు ఏడు మిల్లీమీటర్లుంటాయి, గిబ్బా తిత్తి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. కాబట్టి గప్పీలకు భయం లేదు, పైగా ఆ అల్లిక పెద్ద చేపల నోటి నుంచి పిల్లల్ని దాచిపెడుతుంది. గుడ్ల నుంచి వచ్చే పిల్లల సంగతి వేరు. ఫైటరు చేప పిల్ల బయటికి వచ్చినప్పుడు మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ, దారం కన్నా సన్నం. దాని తోక తిత్తికి చిక్కితే విడిపించుకోలేదు. ఫైటర్ల గుడ్లు పొదిగించేవాళ్ళు ఆ తొట్టిలో ఈ మొక్కను ఉంచకూడదు. ఈ ఒక్క విషయంలో దుకాణంవాళ్ళ భయం న్యాయమైనదే. గోల్డ్‌ఫిష్ తొట్టిలో సమస్య తిరగబడుతుంది, చేపే మొక్కను తినేస్తుంది.

రెండో చిక్కు నీళ్ళ దగ్గర. చేపలకు ఉత్త వాననీళ్ళు మంచివి కావు. అందులో ఖనిజాలు లేక పులుపు ఒక్కసారిగా పెరిగి చేపలు ఇబ్బంది పడతాయి. బోరు నీళ్ళు మొక్కకు బరువు. యుట్రిక్యులేరియా గిబ్బా అదృష్టవశాత్తూ నేలమీది బంధువుల కన్నా ఓర్పుగలది. వెయ్యి టీడీఎస్ ఉన్న బోరు నీళ్ళు ఒక వంతు, వాననీళ్ళు మూడు వంతులు కలిపితే మూడువందల లోపు వస్తుంది. ఫైటరుకు, జీబ్రా డానియోలకు, మొక్కకు కూడా సరిపోతుంది. నీళ్ళు ఆవిరై తగ్గినప్పుడు మాత్రం ఉత్త వాననీళ్ళే పోయాలి, ఎందుకో పైన చెప్పాను. కొళాయి నీళ్ళైతే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు పక్కన పెట్టాలి.

చేప ఒంటి మీద తెల్లమచ్చలు కనబడగానే రాళ్ళ ఉప్పు వేయమని సలహా ఇస్తారు, రాగి ఉన్న మందు కూడా పోస్తారు. రెండూ ఈ మొక్కకు విషమే. జబ్బు చేసిన చేపను వేరే టబ్బులోకి మార్చి అక్కడే వైద్యం చేయండి.

అసలు ఆసక్తికరమైన సంగతి ఇప్పుడు చెబుతాను. చేపల తొట్టిలో ఈ మొక్క బాగా పెరుగుతుంది, కానీ తిత్తులు తగ్గుతాయి. చేపల వ్యర్థాల నుంచి నత్రజని నీళ్ళలోనే దొరుకుతుంటే వేట మీద అంత పెట్టుబడి ఎందుకు? పైగా డాఫ్నియాలు వస్తే చేపలే ముందు తినేస్తాయి. అందుకే నేను ఒకే మొక్కను రెండుగా విడదీసి పెంచుతాను. సగం చేపల తొట్టిలో, సగం కిటికీ దగ్గర వాననీళ్ళ సీసాలో. సీసాలో దానికి వారానికోసారి డాఫ్నియా వేస్తే తిత్తులు గుత్తులుగా వస్తాయి, లోపల చిక్కినవి నల్లగా కనిపిస్తాయి. తొట్టిలోది పచ్చగా, మెత్తగా ఉంటుంది. ఒకే మొక్క రెండు చోట్ల రెండు రకాలుగా బతకడం పిల్లలకు చూపిస్తే కీటకాహారం ఎందుకు పుట్టిందో వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

వెలుతురు బాగా ఉండి నీళ్ళు లోతు తక్కువైతే నీటి మీద చిన్న పసుపు పువ్వు లేస్తుంది. దీని పెద్దక్క యుట్రిక్యులేరియా ఆరియా మన చెరువుల్లోనూ కనిపించే జాతి, ఈకల్లాంటి కాడలు, ఇంకాస్త పెద్ద తిత్తులు. చెరువు నుంచి ఒక పోగు తెచ్చుకోవడం వేరు, తొట్టిలోది తీసుకెళ్ళి చెరువులో వేయడం వేరు. రెండోది వద్దు. దుకాణం నుంచి వచ్చినదానితో ఏ పరాయి మొక్క, ఏ నత్త వస్తుందో మనకు కనబడదు. బుక్కరాయసముద్రం చెరువు లాంటివి ఇప్పటికే పడుతున్న పాట్లు చాలు. ఎక్కువైన మొక్కను ఎండబెట్టి పారేయండి.

నేల మీద పెరిగేవాటిలో నా ఓటు డ్రాసెరాకు, అందులోనూ బర్మానీ, ఇండికా అనే రెండింటికే. ఇవి మన దేశపు మొక్కలు, శేషాచలం కొండల్లోనూ ఉన్నాయి. ఆకు మీద వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొసన జిగురు బొట్టు. బర్మానీ ఆకు అంచున ఉండే వెంట్రుకలు పురుగు పడిన కొన్ని సెకన్లలోనే వంగుతాయి. అన్నిటికీ మించి ఇవి ఏడాది మొక్కలు. వానల్లో మొలిచి, చలికాలంలో పూసి, గింజలు రాల్చి ఎండాకాలానికి చచ్చిపోతాయి. వేరుశనగ రైతు విత్తనం దాచుకున్నట్టు గింజల్ని కాగితం పొట్లంలో దాచుకుంటే మే నెలను దాటించే బాధే లేదు. ఎండాకాలం తగలని జీవితం వాటిది, తప్పించుకునే పద్ధతి వాటికే తెలుసు. ఫ్లైట్రాప్‌కు గ్రీన్ నెట్, ఐసు ముక్కలు, ఫ్రిజ్ అంటూ తంటాలు పడే బదులు మన రుతువులకు సరిపోయే మొక్కను ఎందుకు పెంచకూడదు?

మట్టి, కుండీల విషయంలో కొన్ని జాగ్రత్తలు. పీట్, అంటే కుళ్ళిన నాచుమట్టి వాడాలనే పుస్తకాల సలహా నిజమే, కానీ అది చల్లటి దేశాల చిత్తడి నేలల్ని తవ్వి తెచ్చేది, వేల ఏళ్ళకు గానీ ఏర్పడదు. అందుకే నేను తక్కువ వాడి ఇసుక ఎక్కువ కలుపుతాను. ఇసుక మీద రెండు చుక్కల వెనిగర్ వేయండి. నురగ వస్తే అందులో సున్నం ఉంది, పనికిరాదు. కొబ్బరిపొట్టు వాడితే వాననీళ్ళలో పలుమార్లు నానబెట్టి పిండాలి, లోపల ఉప్పు ఉంటుంది. సిమెంటు తొట్టి అసలు వద్దు, సున్నం వదులుతుంది. మట్టికుండ గోడలో ఉప్పు పేరుకుంటుంది. ప్లాస్టిక్ డబ్బా ఉత్తమం.

అమ్మేవాళ్ళు చెప్పే మాట ఒకటుంది, ఇంట్లో దోమల్ని తినేస్తాయని. నమ్మవద్దు. ఒక డ్రాసెరా కుండీ పట్టే దోమలు లెక్కలోకి రానివి. యుట్రిక్యులేరియా చిన్న లార్వాలను తింటుంది, కానీ ఆ పని నాలుగు గప్పీలు ఇంకా బాగా చేస్తాయి. డెంగీ భయం ఉన్నచోట నిలవ నీళ్ళు పారబోయడం, డ్రమ్ముకు గుడ్డ కట్టడం తప్ప మొక్క మీద భారం వేయకూడదు. అలాగే కూజాల్లో పురుగుల్ని పట్టే నెపెంథిస్. మన దేశంలో ఉన్న ఒకే ఒక్క జాతి, నెపెంథిస్ ఖాసియానా, మేఘాలయ కొండల్లోది. అడవి నుంచి పీకి తెచ్చిన మొక్కను ఎంత తక్కువ ధరకు ఇచ్చినా కొనకండి. తేమ లేని మన గాలిలో అది కూజాలే వేయదు. ఆల్డ్రోవాండా మీద మనసు పడేవాళ్ళూ ఉన్నారు. నీళ్ళలో తేలే ఫ్లైట్రాప్ లాంటి ఆ మొక్క గురించి మొదటగా 1696లో ప్లూకెనెట్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రవేత్త రాసింది ఇండియా నుంచి వెళ్ళిన నమూనా చూసే. ఇప్పుడది ప్రపంచమంతటా అంతరించిపోయే దశలో ఉంది. పాచి పడని, పులుపుదనం ఉన్న పల్చటి నీళ్ళు కావాలి. మన తొట్లలో అది నిలవదు, ఆ ప్రయత్నం మానుకోవడమే దానికి మనం చేసే మేలు.

మన జిల్లా బడుల్లో ఈ పాఠం పుస్తకంలో ఉంది. నెపెంథిస్, డ్రాసెరా, యుట్రిక్యులేరియా, డయోనియా (మన ఫ్లైట్రాపే) అని పిల్లలు వల్లె వేస్తారు, బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటారు, మొక్కను చూడరు. నాలుగింటిలో మూడింటిని బడిలో పెంచడం కష్టమే అయినా యుట్రిక్యులేరియాకు కావాల్సింది ఒక ప్లాస్టిక్ టబ్బు, బడి మిద్దె మీది వాననీళ్ళు, నీడలో కొంచెం చోటు. జులైలో వేస్తే దసరా సెలవులకు టబ్బు నిండుతుంది. సైన్సు టీచర్లు ఎవరైనా అడిగితే ఒక పోగు ఇవ్వడానికి నేను సిద్ధం. తడి కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెడితే ధర్మవరం, తాడిపత్రి దాకా బస్సులో హాయిగా వస్తుంది. డాఫ్నియా దొరక్కపోతే చెరువు నీళ్ళు ఒక గ్లాసు చాలు, అందులో ఉన్నదేదో దానికి సరిపోతుంది. వేసవిలో టబ్బును మిద్దె మీది నుంచి దించి చెట్టు నీడకు మార్చండి. నీళ్ళు నలభై డిగ్రీలు దాటితే మొక్క కుళ్ళిపోతుంది.